సభ పెట్టుకోవడానికి ఎవరి అనుమతి? వలస పాలనలో నిషేధాజ్ఞలపై చర్చ

పల్నాటి పాఠకురాలు
అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు చరిత్ర బోధిస్తాను. స్వాతంత్ర్యోద్యమం పాఠాల్లో "సభను నిషేధించారు, నాయకులను నిర్బంధించారు" అన్న వాక్యం పదే పదే వస్తుంది. నిషేధించింది ఎవరు, ఏ చట్టం కింద, ఎన్నాళ్లకు, దానిపై ఎవరికి మొర పెట్టుకోవాలి అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

మా ప్రాంతం సంగతే తీసుకోండి. 1921లో పల్నాడు రైతులు పుల్లరి (అడవిలో పశువుల మేతకు పన్ను) కట్టబోమన్నారు. పరిస్థితి చూసి రమ్మని కాంగ్రెస్ వారు ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని, మాడభూషి వేదాంతం నరసింహాచారి గారిని మాచర్ల పంపారు. అక్కడ వారిని పట్టుకుని, మంచి నడవడికకు పూచీకత్తు రాసి ఇమ్మన్నారు. ఇవ్వబోమన్నందుకు ఏడాది జైలు. వాళ్లు చేసిన నేరం ఏమిటని పిల్లలు అడిగితే నా దగ్గర సూటిగా చెప్పే జవాబు లేదు. తెలిసినవారు వివరంగా రాయగలరా?

వకీలు గుమాస్తా
అమ్మా, వారు నేరం చేశారని ప్రభుత్వం కూడా అనలేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పూచీకత్తు అడగడం శిక్ష కాదు, "ముందు జాగ్రత్త". క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107, 108 సెక్షన్లు అందుకే ఉన్నాయి. ఫలానా మనిషి వల్ల శాంతికి భంగం కలుగుతుందనో, రాజద్రోహకరంగా మాట్లాడతాడనో మేజిస్ట్రేటుకు అనిపిస్తే చాలు. హామీ ఇస్తే నోరు కట్టుకున్నట్టు, ఇవ్వకపోతే జైలు. తాము రాజద్రోహులం కామని వాదించుకోవడానికి కూడా వారికి సరైన విచారణ దొరకదు, ఎందుకంటే రాజద్రోహం నేరం మోపనే లేదు కదా.

దీనికి జంట 144. ఈ తరహా అధికారం 1861 నాటి మొదటి ప్రొసీజర్ కోడ్ నుంచీ మేజిస్ట్రేట్లకు ఉంది. 1882 కోడ్‌లో దానికి 144 అన్న సంఖ్య వచ్చింది, 1898 కోడ్‌లోనూ అదే కొనసాగింది. అత్యవసరమని మేజిస్ట్రేటు భావిస్తే అవతలివారి మాట వినకుండానే ఆజ్ఞ జారీ చేయవచ్చు. గడువు రెండు నెలలు. ఆజ్ఞ మీరితే పీనల్ కోడ్ 188 కింద శిక్ష: మామూలుగా ఒక నెల సాధారణ ఖైదు లేదా 200 రూపాయల జరిమానా, ప్రాణాపాయమో అల్లరో సంభవించే వీలుంటే ఆరు నెలల వరకు.

కాబట్టి పిల్లలకు ఇలా చెప్పండి. చాలామంది జైలుకు వెళ్లింది మాట్లాడిన మాటకు కాదు, మాట్లాడవద్దన్న కాగితాన్ని ఖాతరు చేయనందుకు. కోర్టులో ఇక ప్రసంగంలోని తప్పొప్పుల ప్రస్తావనే రాదు. ఆజ్ఞ ఇచ్చారా, అందిందా, మీరారా, అంతే. ప్రభుత్వానికి అది ఎంత సులువైన దారో ఆలోచించండి.

బెజవాడ బాటసారి
దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిని పట్టుకున్నదీ ఈ పద్ధతిలోనే. చీరాల పేరాల జనం మున్సిపాలిటీ వద్దని ఇళ్లు విడిచి రామనగరంలో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. ఊరు వదిలి వెళ్లిన వాళ్లను ఏ చట్టం ఏం చేస్తుంది? అది నేరం కాదు. అందుకని ఉద్యమానికి చందాల కోసం ఆయన బరంపురం వెళ్లినప్పుడు, 1921లో, అక్కడ ఉపన్యసించరాదని ఆజ్ఞ ఇచ్చారు. ఆయన లెక్కచేయలేదు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లోపలికి వెళ్లాక చీరాల ఎంతో కాలం నిలవలేకపోయింది. ఉద్యమాన్ని ఓడించడానికి ఉద్యమం మీద కేసు పెట్టనక్కర్లేదని నాటి అధికారులకు బాగా తెలుసు.

కోనసీమ కబుర్లు
మీరంతా 1921 దగ్గర ఆగారు. కథ 1907లో మొదలవుతుంది.

బెంగాల్ విభజన వ్యతిరేకోద్యమం రోజులవి. 1906 ఏప్రిల్‌లో బరిసాల్‌లో బెంగాల్ ప్రాంతీయ మహాసభకు వచ్చినవారు వందేమాతరం అంటూ వీధిలోకి వస్తే లాఠీలతో కొట్టారు, సురేంద్రనాథ్ బెనర్జీ గారిని నిర్బంధించి జరిమానా వేశారు, సభనే చెదరగొట్టారు. మరుసటి ఏడు బిపిన్ చంద్ర పాల్ మన వైపు వచ్చారు. విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, బందరు, అక్కడి నుంచి మద్రాసు. రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆయన ఉపన్యాసాలను తెలుగు చేసి చెప్పారు. ఆ వేడి కళాశాలకు తాకింది. వందేమాతరం అన్నందుకు, బాడ్జీలు పెట్టుకున్నందుకు విద్యార్థులపై వేటు పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కళాశాల నుంచే పంపేశారు. అదే మే 31న కాకినాడలో, వందేమాతరం అన్న కోపల్లె కృష్ణారావు అనే కుర్రవాడిని కెంప్ అనే తెల్ల డాక్టరు చావబాదితే జనం వెళ్లి దొరల క్లబ్బు మీద పడ్డారు.

ఈ ఉద్యమాన్ని చూస్తూ ప్రభుత్వం ఊరికే కూర్చుంటుందా? ఆ మే నెలలోనే పంజాబుకూ తూర్పు బెంగాల్, అస్సాంకూ సభల నియంత్రణ ఆర్డినెన్సు తెచ్చింది. లాలా లజపతి రాయ్, అజిత్ సింగ్ గార్లను విచారణ లేకుండా బర్మాలోని మాండలేకు పంపింది. నవంబరు 1న ఆ ఆర్డినెన్సునే చట్టం చేసింది, రాజద్రోహ సభల నివారణ చట్టం అని.

వకీలు గుమాస్తా
మంచి చోటుకు తెచ్చారు. ఆ 1907 చట్టంలో ఒక నిబంధన ఉంది, చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇరవై మందికి మించి కూడితే, కాదని రుజువు చేసుకునేదాకా, అది బహిరంగ సభ కిందే లెక్క! ఇంట్లో పెళ్లి మాటలకు కూడా ఇరవై మంది వస్తారు. గోపాల కృష్ణ గోఖలే, రాస్ బిహారీ ఘోష్ గార్లు శాసనమండలిలో గట్టిగా ఎదిరించారు. అయినా అధికార సభ్యుల బలం ముందు ఏం సాగుతుంది?

అది తాత్కాలిక చట్టం. గడువు తీరాక 1911లో శాశ్వతం చేశారు. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నోటిఫై చేస్తే, అక్కడ రాజకీయ విషయం మీద గాని, అలజడి రేపగలదనుకున్న విషయం మీద గాని సభ పెట్టాలంటే కనీసం మూడు రోజుల ముందు పోలీసు అధికారికి రాతపూర్వకంగా తెలపాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. సభలో ఏం మాట్లాడారో రాసుకోవడానికి పోలీసులను పంపవచ్చు. శాంతికి భంగమనిపిస్తే సభనే ఆపేయవచ్చు. ఉల్లంఘిస్తే ఆరు నెలలు. ఈ 1911 చట్టం స్వతంత్ర భారతంలో కూడా పుస్తకాల్లో అలాగే ఉండిపోయి, 2018లో గాని రద్దు కాలేదు.

ఎర్రమల్లె
ఒక సందేహం. ఇంగ్లండులో కూడా ఇలాగే ఉండేదా? లేక మన కోసమే తయారు చేశారా?

వకీలు గుమాస్తా
అడగవలసిన ప్రశ్న. అక్కడ 1882లో ఒక తీర్పు వచ్చింది, బీటీ వర్సెస్ గిల్‌బ్యాంక్స్ అని. సాల్వేషన్ ఆర్మీ వారు ఊరేగింపు తీస్తే ఎదుటి ముఠా వచ్చి గొడవ చేసేది. గొడవ అవుతుంది కనుక ఊరేగింపు మానండి అన్నారు స్థానిక మేజిస్ట్రేట్లు. వీరు వినకపోతే శాంతికి భంగం కలగకుండా పూచీకత్తు ఇమ్మన్నారు. పై కోర్టు ఒప్పుకోలేదు. న్యాయమైన పని చేసేవాడిని, ఇంకొకడు అన్యాయంగా అడ్డొస్తాడన్న కారణంతో నేరస్థుడిని చేయలేమని చెప్పింది.

యాదృచ్ఛికం చూడండి, మన దగ్గర 144 అన్న సంఖ్యతో ఆ అధికారం కోడ్‌లోకి ఎక్కిందీ 1882లోనే. ఇక్కడ లెక్క తలకిందులు. ఎవరు అల్లరి చేస్తారన్నది ప్రశ్న కాదు. అల్లరి జరగవచ్చని మేజిస్ట్రేటుకు తోస్తే, న్యాయంగా సభ పెట్టుకున్న వాడినే ఆపుతాడు. అలాగని కోర్టులు పూర్తిగా కళ్లు మూసుకున్నాయని అనలేం. 1883లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి, సేలం ఊరేగింపుల వివాదంలో, రాజబాట మీద ఊరేగింపుగా వెళ్లే హక్కు ప్రజలకు ఉందనే చెప్పింది. అయితే మేజిస్ట్రేటు ఆదేశాలకు లోబడి అని ఒక తోక తగిలించింది. ఆ తోకే అసలు సంగతైంది.

పల్నాటి పాఠకురాలు
చాలా ఉపయోగంగా ఉంది. ఇంకొక ప్రశ్న. జలియన్‌వాలా బాగ్ నాడు సభ నిషేధం ఏ చట్టం కింద ఉంది? సైనిక శాసనం అప్పటికే ఉందని కొన్ని పుస్తకాల్లో రాశారు.

బెజవాడ బాటసారి
లేదు. ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో సైనిక శాసనం ప్రకటించలేదు. అది 15న వచ్చింది. 10న స్థానిక నాయకులు డాక్టర్ కిచ్లూ, డాక్టర్ సత్యపాల్ గార్లను పట్టుకుపోవడం, కాల్పులు, తిరిగి జనం దాడులు, ఇవన్నీ జరిగాక పట్టణాన్ని డయ్యర్ చేతికి అప్పగించేశారు. 13 ఉదయం అతను 19 చోట్ల దండోరా వేయించాడు. ఊరేగింపులు కూడవు, నలుగురు గుమికూడితే చట్టవిరుద్ధ సమూహంగా పరిగణించి అవసరమైతే ఆయుధాలతో చెదరగొడతాం అని. పీనల్ కోడ్ 141 ప్రకారం చట్టవిరుద్ధ సమూహానికి అయిదుగురైనా ఉండాలి, దానికి తోడు వారికి చట్టం చెప్పిన దురుద్దేశం కూడా ఉండాలి. డయ్యర్ చట్టం పుస్తకాన్నే తిరగరాశాడు.

దండోరా ఊరంతా వినబడలేదు. ముఖ్యమైన చోట్ల వేయనేలేదు. పైగా వైశాఖి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన వాళ్లకు ఉదయం దండోరా సంగతి ఎలా తెలుస్తుంది? సాయంత్రం ఏ హెచ్చరికా లేకుండా పది నిమిషాల పాటు 1,650 రౌండ్లు పేల్చారు. ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు. నిషేధాజ్ఞ ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే పిల్లలకు ఈ ఒక్క రోజు చెప్పండి.

నల్లగొండ నివాసి
ఇంతసేపూ మద్రాసు, పంజాబు, బెంగాల్. మా తెలంగాణ సంగతి ఎవరూ ఎత్తరేమి? మాకు 144 కన్నా గట్టి దెబ్బ గస్తీ నిషాన్ 53. 1929లో నిజాం సర్కారు జారీ చేసిన ఉత్తర్వు. సభ పెట్టాలంటే ముందుగా దరఖాస్తు, అధికారి మంజూరు, రాజకీయాల జోలికి పోరాదన్న షరతు. ఒక ప్రాంతాన్ని నోటిఫై చేయడం, అత్యవసరమని రాయడం వంటి లాంఛనాలు కూడా అక్కర్లేదు. రాజ్యమంతటా ఎప్పుడూ అమల్లో ఉండేదే.

1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ నీడలోనే. అందుకే తొలి సభల తీర్మానాలు చూస్తే చదువు, గ్రంథాలయాలు, బాల్య వివాహాలు, వెట్టి, ఇలా సంఘ సంస్కరణ విషయాలే ఎక్కువ. వారికి రాజకీయం తెలియక కాదు. సభ అనేది ఒకటి జరగాలి కనుక. మళ్లీ ఆ సభల్లోనే గస్తీ 53 ఎత్తివేయాలన్న కోరిక వినబడుతూ వచ్చింది. దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాద్... సభ వెంట సభ, ఊరు మారేది, షరతులు మారేవి కావు.

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌కు ఇంకా పుట్టకముందే నిషేధం! సంస్థ ఏర్పాటు కాకుండానే చట్టవిరుద్ధమైంది. ఆ నిషేధం తొలగింది 1946లో.

కోనసీమ కబుర్లు
నల్లగొండ గారూ, గౌరవంతోనే అంటున్నాను, ఇది వలస పాలన చర్చ. నిజాం రాజ్యం సంస్థానం కదా? రెండింటినీ కలిపితే బ్రిటిష్ వారి బాధ్యత పలచబడుతుంది.

నల్లగొండ నివాసి
పలచబడదు, చిక్కబడుతుంది. రెసిడెన్సీ ఎవరిది? సికింద్రాబాద్ దండులో ఉన్నది ఎవరి సైన్యం? నిజాం సర్కారును కాపాడిన సార్వభౌమాధికారం ఎవరిది? బ్రిటిష్ ఇండియాలో కనీసం వకీలు గుమాస్తా గారు చెప్పిన హైకోర్టు, శాసనమండలి, గోఖలే వంటి వారి నోరు ఉన్నాయి. మాకు అవి కూడా లేవు. అణచివేత పద్ధతి అక్కడ నుంచే వచ్చింది, అడ్డుకునే వీలు మాత్రం రాలేదు. మా పెద్దలు బెజవాడ పత్రికల్లో రాయించుకుని ఇక్కడ చదువుకోవలసి వచ్చేది. దీన్ని పక్కన పెట్టి తెలుగువారి చరిత్ర రాస్తే సగమే అవుతుంది.

పల్నాటి పాఠకురాలు
నేను నల్లగొండ గారితో ఏకీభవిస్తాను. తరగతిలో రెండూ పక్కపక్కనే పెట్టి చెబుతాను.

కోనసీమ కబుర్లు
సరే, మా వైపు నుంచి ఇంకొకటి చెప్పి తీరాలి. సభ వద్దంటే జనం ఉత్సవంలో కూడారు, ఊరేగింపు వద్దంటే తెల్లవారుజామున భజన చేస్తూ వీధులు తిరిగారు, ఉపన్యాసం వద్దంటే హరికథ చెప్పించారు. దానికీ బదులు వచ్చింది. 1931 మార్చి 30న వాడపల్లి వేంకటేశ్వరస్వామి రథోత్సవం. రథానికి గాంధీగారి పటం, జెండాలు కట్టారని పోలీసులు అడ్డుపడ్డారు. జనం తీయబోమన్నారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. గాంధీ ఇర్విన్ ఒడంబడిక కుదిరి అప్పటికి నెల కూడా కాలేదు! ఢిల్లీలో చేతులు కలిపారు, కోనసీమలో దేవుడి తేరు ముందు తుపాకులు పేల్చారు. ఈ ఘటన రాష్ట్రం దాటి ఎవరికీ తెలియదు. నాకు అదే బాధ.

బెజవాడ బాటసారి
ఉప్పు సత్యాగ్రహం ఏడాది, 1930లో, గుంటూరు జిల్లాలో గాంధీ టోపీ పెట్టుకోవడాన్నే 144 కింద నిషేధించారు. సభ అక్కర్లేదు, గుంపు అక్కర్లేదు, తల మీద ఖద్దరు ముక్క ఉంటే చాలు, ఆజ్ఞ మీరినట్టే. అదే ఏడాది మే నెలలో బందరు కోనేరు దగ్గర జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడు గారిని స్పృహ తప్పేదాకా కొట్టారు. వకీలు గుమాస్తా గారు చెప్పిన "అత్యవసరం" టోపీ దాకా సాగిందన్నమాట.

ఆ తర్వాత 1932 జనవరిలో వైస్రాయ్ విల్లింగ్‌డన్ ఒకే రోజు నాలుగు ఆర్డినెన్సులు తెచ్చాడు. 1942లో యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనలను ప్రయోగించారు. ఆగస్టు 12న తెనాలిలో కాల్పుల్లో ఏడుగురు పోయారు. అక్కడి కూడలికి రణరంగ చౌక్ అన్న పేరు అందుకే.

ఎర్రమల్లె
ఇక నేను అడగాలనుకున్నది అడుగుతాను. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కు నిరసనగా వచ్చిన జనంపై కాల్పులు జరిగితే, చనిపోయిన మనిషిని చూడాలని ముందుకు నడిచి, తుపాకీకి ఎదురుగా చొక్కా తెరిచి రొమ్ము చూపిన ప్రకాశం గారు మనందరికీ గర్వకారణం. 1947 జనవరిలో మద్రాసు ముఖ్యమంత్రిగా విచారణ లేకుండా నిర్బంధించే ఆర్డినెన్సు తెచ్చింది కూడా ఆయనే. కమ్యూనిస్టులను వందల మందిని పట్టుకున్నారు. జనం నోట అది ప్రకాశం ఆర్డినెన్సుగానే నిలిచింది. అంతకు ముందు రాజాజీ మంత్రివర్గం హిందీ వ్యతిరేక ఆందోళనకారుల మీద 1932 నాటి క్రిమినల్ లా సవరణ చట్టాన్నే ప్రయోగించింది. తెల్లవారి చట్టమని తిట్టినవారి చేతికి అదే చట్టం అందితే ఏమైందన్నది కూడా పాఠంలో ఉండాలి.

కోనసీమ కబుర్లు
ఒక్క ఆర్డినెన్సుతో ప్రకాశం గారి జీవితాన్ని తూచవద్దు.

ఎర్రమల్లె
తూచడం లేదు. ఆయన అంతటి మనిషి అయినా ఆ ఆర్డినెన్సు తెచ్చారు. అంటే అధికారిలో మంచితనం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఈ చట్టాలు మనల్ని వదలవు. పిల్లలకు ఇది తెలియాలి, ఆయన మీద గౌరవం తగ్గకుండానే.

నిర్వాహకుడు
చర్చ బాగా సాగుతోంది. ప్రస్తుత పార్టీల వైపు మళ్లకుండా చూడమని మనవి. సంబంధం ఉంది కనుక ఒక్క విషయం నేనే చెబుతాను. 1861 పోలీసు చట్టం సెక్షన్ 30 ఇంకా అమల్లో ఉంది. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మీద సభలను నియంత్రిస్తూ ఆ చట్టం ఆధారంగా వచ్చిన జీవో 1ని అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టేసింది. 2024 జులై నుంచి 144 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 వచ్చింది. దీని మీద వాదం చేయదలచినవారు వేరే చర్చ మొదలుపెట్టండి.

పల్నాటి పాఠకురాలు
ధన్యవాదాలు. చివరిగా ఒకటి. ఇన్ని ఆజ్ఞల్లో ఎవరైనా ఎదురు నిలిచి, ప్రభుత్వమే వెనక్కు తగ్గిన సందర్భం ఉందా? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

వకీలు గుమాస్తా
ఉంది. 1917 ఏప్రిల్‌లో చంపారన్ విడిచి వెళ్లమని గాంధీగారికి 144 కింద ఆజ్ఞ ఇచ్చారు. ఆయన మోతిహారి కోర్టులో నిలబడి ఆజ్ఞ మీరిన మాట నిజమేనని ఒప్పుకున్నారు. వాదించుకుంటాడని, వాయిదాలు అడుగుతాడని అనుకున్న మేజిస్ట్రేటుకు ఏం చేయాలో తోచలేదు. పైనుంచి ఉత్తర్వు వచ్చి కేసు ఎత్తేశారు.

లజపతి రాయ్ గారిది మరో రకం. 1921 డిసెంబరు 3న లాహోరులో పంజాబు కాంగ్రెస్ కమిటీ సమావేశంలో ఉండగా రాజద్రోహ సభల చట్టం కింద పట్టుకుని శిక్ష వేశారు. కమిటీ సభ్యులు మాత్రమే కూర్చున్నది బహిరంగ సభ ఎలా అవుతుందన్న ప్రశ్నకు ప్రభుత్వ న్యాయవాదుల దగ్గరే జవాబు లేకపోయింది. విడుదల చేశారు. జైలు గుమ్మం దగ్గరే ఇంకో కేసు కింద మళ్లీ నిర్బంధించారు.

ఇంకొక మార్పు కూడా రాసుకోండి. 1898 కోడ్ ప్రకారం 144 కింద ఇచ్చిన ఆజ్ఞలను హైకోర్టు పునఃపరిశీలించే వీలు లేకుండా అడ్డుగోడ ఉండేది. 1923 సవరణలో దాన్ని తీసేశారు. దుగ్గిరాల గారికి ఆ వీలు లేదు. గుంటూరు టోపీ కాలానికి ఉంది.